రాజం రాసిన జాబు

పోయిన నెల కాచిగూడ స్టేషన్లో బెంగళూరు బండి కోసం కూర్చున్నాను. బండి గంటన్నర లేటు. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన ఫోన్ మోగింది. "తాన నాన... తాన నాననా..." ఫోన్ ఎక్కడ పెట్టుకున్నాడో ఆయనకు అంతుచిక్కలేదు. చొక్కా జేబు తడుముకున్నాడు, ప్యాంటు జేబులు తడుముకున్నాడు, చివరికి సంచిలో టిఫిన్ క్యారియర్ కింద దొరికింది. ఈలోపల ఆ ట్యూన్ మూడుసార్లు తిరిగింది.

మాల్గుడి డేస్ టైటిల్ పాట. నా వయసువాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలకు కూడా రింగ్‌టోన్‌గానో రీల్స్‌లోనో తగిలే ఉంటుంది, ఎక్కడిదో తెలియకపోవచ్చు.

అది టీవీ సీరియల్ పాట కదా, వినగానే టీవీ గుర్తుకు రావాలి. నాకు గుర్తొచ్చింది గుంతకల్లులో మేం బాడుగకున్న ఇంటి మిద్దె. ఎండకు కాలిపోయిన మిద్దె మీద నీళ్ళు చల్లి పరిచిన బొంతలు. మా చిన్నాయన వెల్లకిలా పడుకుని పొట్టమీద బోర్లా పెట్టుకున్న పుస్తకం. పుస్తకం అట్ట మీద ఏముందో ఇప్పటికీ గుర్తులేదు గానీ దాని వెన్ను గుర్తుంది. అక్కడ చిరిగితే చిన్నాయన పోస్టాఫీసు బ్రౌన్ పేపరు ముక్కను జిగురుతో అతికించాడు. ఆ జిగురు ఎండి గరుకుగా, వేలు పెడితే గోరుకు తగిలేది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత, ఎవరిదో ఫోన్ మోగితే, నా బొటనవేలికి ఆ గరుకు తగిలింది.

సినిమాగానో సీరియల్‌గానో తీస్తే ఇక పుస్తకం చచ్చినట్టే అని నేను చాలాసార్లు వాదించాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కానీ నా పుస్తకాన్ని చంపిన సీరియల్ పాటే దాన్ని తెచ్చి మళ్ళీ నా ఒళ్ళో పడేసింది. ఈ తిరకాసు ఏమిటో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

ఆ పుస్తకం ఆర్.కె. నారాయణ్ రాసిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్'. మాల్గుడి అనే కల్పిత ఊళ్ళో స్వామి అనే బడిపిల్లోడి కథ. 1935లో ఇంగ్లండులో అచ్చయింది. మన దేశంలో తన పుస్తకాలు దొరకాలని నారాయణ్ 1942లో మైసూరులో ఇండియన్ థాట్ అనే సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. చిన్నాయన దగ్గరున్నది వాళ్ళు వేసిన కాపీ. ఆయన ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరు. అంటే రాత్రంతా కదిలే బండిలో నిలబడి, చెక్క గూళ్ళలోకి ఊరి పేర్లు చూసి ఉత్తరాలు విసిరే పని. డ్యూటీ లేని రాత్రుల్లో మిద్దె మీద మాకు కథ చెప్పేవాడు. డ్యూటీ ఉన్న రాత్రుల్లో కథ ఆగిపోయేది. ఒక పుస్తకం ఎండాకాలం సెలవులంతా సాగిందంటే కారణం అదే.

చెప్పడం కూడా ఒక పద్ధతిలో చెప్పేవాడు. కిందినుంచి వైరు లాగి, పిట్టగోడ మీద వంకీకి బల్బు తగిలించేవాడు. ఒక పేజీ తనలో తాను ఇంగ్లీషులో చదువుకునేవాడు. పెదాలు కదిలేవి, మాకేమీ వినిపించేది కాదు. మధ్యలో ఒక్కడే నవ్వుకునేవాడు. మేం "ఏమైంది, ఏమైంది" అని పీకేవాళ్ళం. "ఉండప్పా, పేజీ కానీ" అనేవాడు. పేజీ అయ్యాక తెలుగులో చెప్పేవాడు. అంటే ప్రతి పేజీలో నవ్వు ముందొచ్చేది, దాని కారణం వెనక వచ్చేది.

ఒక రాత్రి లెక్క చెప్పాడు. స్వామిని వాళ్ళ నాన్న గదిలోకి పిలిచి ఒక లెక్క ఇస్తాడు. రాముడి దగ్గర 10 మామిడిపండ్లు ఉన్నాయి, వాటితో 15 అణాలు సంపాదించాలని వాడి ఆశ. కృష్ణుడికి 4 పండ్లు చాలు. ఎంత ఇవ్వాలి? స్వామికి లెక్క తోచదు. ఆ మామిడి పండిందా, కాయగానే ఉందా అని వాడి అనుమానం. అది తెలియకుండా ధర ఎట్లా కడతారు? చిన్నాయన అక్కడ ఆపి మమ్మల్ని అడిగాడు. మా అక్క ఠక్కున "ఆరు అణాలు" అంది. నేను మాత్రం "బేనీషానా, నీలమా?" అన్నాను. చిన్నాయన చాలాసేపు నవ్వి, "వీడే స్వామి" అన్నాడు. బడిలో లెక్కలకు తన్నులు తినే పిల్లోడికి అంతకన్నా పెద్ద బిరుదు ఏముంటుంది!

ఇంకో రాత్రి నిమ్మకాయ సంగతి. స్వామి అవ్వకు కడుపునొప్పి, ఒక నిమ్మకాయ తెచ్చిపెట్టమంటుంది. వీడు క్రికెట్ ధ్యాసలో ఉండి పట్టించుకోడు. ఆ రోజుల్లో పేరున్న టేట్ అనే ఇంగ్లీషు బౌలరు పేరు పెట్టి స్నేహితులు తనను పిలుస్తున్నారని గొప్ప చెప్పుకోబోతే, పాపం ఆమెకు టేట్ ఎవరో కూడా తెలియదు. చిన్నాయన ఇది చెబుతున్నప్పుడు మా అవ్వ అక్కడే, నీళ్ళ కూజా పక్కన కూర్చుని వింటోంది. "నాకు గూడా తెల్దులే, ఎవుడు వాడు?" అంది. ఆ మర్నాడు నేను అడక్కుండానే అంగడికి పోయి రెండు నిమ్మకాయలు తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టాను. ఆమెకు కడుపునొప్పేమీ లేదు. ఊరగాయకు రెండు చాలవని తిట్టింది.

"మాల్గుడి యాడుంది చిన్నాయనా?" అని అడిగితే ఆయన ఒక్కో రాత్రి ఒక్కో జవాబు చెప్పేవాడు. ఒకసారి గుత్తి దాటినాక అన్నాడు. ఒకసారి రాయచూరు బండిలో పోతే రాత్రి రెండు గంటలకొస్తాది, మీరు నిద్రపోతాంటారు అన్నాడు. గుంతకల్లు జంక్షను. మద్రాసు, బొంబాయి, బెంగళూరు బండ్లన్నీ మా ఇంటి వెనకనుంచే పోయేవి. ఆ బండ్లలో ఏదో ఒకటి మాల్గుడిలో ఆగుతుందని నేను నిజంగానే నమ్మాను.

ఇదంతా 1986 ఎండాకాలం. అదే ఏడాది దూరదర్శన్‌లో నారాయణ్ కథలతో, స్వామి కథ కూడా కలిపి, మాల్గుడి డేస్ మొదలైంది.

మాకు టీవీ లేదు. పక్కింట్లో కన్నడం వాళ్ళు, ఆయన రైల్వేలో గార్డు, వాళ్ళింట్లో ఉండేది. ఆ ఇంటి హాల్లో ముందువరసలో పిల్లలం, వెనక పెద్దవాళ్ళు. తీసింది శంకర్ నాగ్, షూటింగ్ చేసింది శివమొగ్గ జిల్లా ఆగుంబెలో. అందుకని ఆ గార్డు భార్యకు అది సొంతింటి పెండ్లిలాగా ఉండేది, వచ్చినవాళ్ళందరికీ బొరుగులు పెట్టేది. కానీ సీరియల్ హిందీలో వచ్చేది. మాకు ఆరో తరగతిలో గానీ హిందీ మొదలుకాదు. గుంతకల్లు వీధుల్లో విన్న ఉర్దూ ముక్కలు ఆ హిందీకి ఒక మూలకు కూడా సరిపోలేదు.

అందువల్ల ఆ సీరియల్ మొత్తంలో మాకు పూర్తిగా అర్థమైన భాగం టైటిల్ పాటే, ఎందుకంటే అందులో మాటలు లేవు.

ఆ పాట కట్టింది ఎల్. వైద్యనాథన్. వయొలిన్ విద్వాంసులు ఎల్. సుబ్రహ్మణ్యం, ఎల్. శంకర్‌లకు అన్న. మరుసటి ఏడాది సింగీతం శ్రీనివాసరావు మాటల్లేకుండా తీసిన 'పుష్పక విమానం'కు సంగీతం ఇచ్చిందీ ఈయనే. మాటలు లేనిచోట ఏం చేయాలో ఆయనకు బాగా తెలుసనుకుంటాను. పాటలో ఉన్నది తాన, నాన, అంతే. ఎవడైనా సైకిల్ తొక్కుతూ పాడుకోవచ్చు, గొంతు బాగుండాల్సిన పనికూడా లేదు.

పాట వస్తున్నంతసేపూ తెర మీద నారాయణ్ తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు కనపడేవి. అవి గీతలు. ఒక ఇల్లు, ఒక మనిషి, ఒక వీధి, మిగతాది తెల్లగా ఖాళీ. ఇంకా నటులు రాలేదు, కథ మొదలుకాలేదు. ఆ కాసేపు మేమందరం తెరవైపు చూస్తూనే ఎవరి మాల్గుడిలో వాళ్ళం ఉండేవాళ్ళం. నా మాల్గుడి గుత్తి దాటాక ఉంది. నా స్వామికి నాతో చదివే పోర్టరు కొడుకు ముఖం ఉంది, ముందుపండ్లు రెండూ ఎత్తుగా.

పాట అయిపోయేది. స్వామిగా మాస్టర్ మంజునాథ్ వచ్చేవాడు. ఆ పిల్లోడు ఎంత బాగా చేశాడంటే వేలెత్తి చూపడానికి లేదు. నాన్నగా గిరీశ్ కర్నాడ్. నాలుగు వారాలు తిరిగేసరికి నా ఎత్తుపండ్ల స్వామి మాయమైపోయాడు. ఎంత కళ్ళు మూసుకున్నా మంజునాథే. మాల్గుడి పక్కన పారే సరయూ నది అంటే ఆగుంబె చెట్లే. నేనెప్పుడూ చూడని అంత పచ్చదనం! మా ఎర్రనేల మాల్గుడి ఆ పచ్చదనం కింద మునిగిపోయింది. పది సంవత్సరాల పిల్లోడికి దీన్ని ఏమనాలో తెలియదు. ఏదో పోయిందని మాత్రం తెలిసింది. చిన్నాయనను మళ్ళీ కథ చెప్పమంటే, "టీవీలో వస్తాంది గదా, ఇంగ నేనెందుకు?" అన్నాడు. ఆయన గొంతులో కూడా ఏదో తేడా ఉందని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు గమనించి ఉంటానా అంటే, లేదు.

సీరియల్ నా పుస్తకాన్ని మింగిందంటే ఇట్లా మింగింది. పాట మాత్రం మింగలేదు, అది కథకు ముందు, గడప దగ్గర వచ్చేది కాబట్టి. దానికి అతుక్కున్నది తర్వాత రాబోయే సీరియల్ కాదు, మేం అప్పటికే తలలో మోసుకొచ్చిన పుస్తకం. ప్రతివారం ఆ ఒక్క నిమిషం నా మాల్గుడిని ఆ ట్యూన్ తనలో దాచుకుంది, తర్వాతి ఇరవై నిమిషాలు దాన్ని బయట తుడిచేశాయి. తుడిచేసింది పోయింది, దాచింది కాచిగూడలో బయటపడింది. నా వాదన ఇంతే.

దీన్ని ఆఫీసులో ఒక మిత్రుడికి చెబితే కొట్టిపారేశాడు. "అదంతా పుస్తకం మహిమా కాదు, పాట మహిమా కాదు. నీకు చిన్నతనం గుర్తొచ్చింది, అంతే. ఆ కాలం నాటి ఏ పాట విన్నా అదే జరుగుతుంది" అన్నాడు. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పీటర్ జనాటా అనే ఆయన చేసిన పరిశోధన కూడా నా మొహాన కొట్టాడు. చిన్ననాడు, కుర్రతనంలో విన్న పాటల ముక్కలు వినిపిస్తూ మనుషుల మెదళ్ళను స్కాన్ చేశారు. సొంత జ్ఞాపకాన్ని లేపిన పాట వచ్చినప్పుడు నుదుటి వెనకాల ఒక భాగం చురుగ్గా పనిచేసిందట. సరే, పనిచేసిందనుకుందాం. ఏ పాట ఏ జ్ఞాపకాన్ని పట్టుకొస్తుందో, అదే ఎందుకు పట్టుకొస్తుందో ఆ స్కాన్ చెప్పదు కదా. ఆ ఏడాది మా ఊళ్ళో మైకుల్లో మోగిన సినిమా పాటలు ఇప్పుడు విన్నా నాకు మిద్దె గుర్తుకు రాదు. పెండ్లి పందిళ్ళు గుర్తొస్తాయి, హోటల్లో పూరీ వాసన గుర్తొస్తుంది, అంతే. మిద్దెనూ, వెన్ను అతికించిన పుస్తకాన్నీ తెచ్చేది ఇదొక్కటే.

పాట ఉంటే చాలదు, పుస్తకం ముందు రావాలి అని కూడా చెప్పుకోవాలి. దీనికి మా ఇంట్లోనే రుజువుంది. మా పెద్దమ్మ మనవడు 1993లో దూరదర్శన్లో జంగిల్ బుక్ చూసిన బ్యాచి. గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ కట్టిన ఆ చెడ్డీ వేసుకున్న పువ్వు పాట వాడికి ఇప్పటికీ నోటికి వచ్చు. హిందీ రానివాళ్ళు కూడా ఊళ్ళో ఆ పాట పాడేవాళ్ళు. అది మోగితే నీకేం గుర్తొస్తుందిరా అని అడిగాను. ఆదివారం పొద్దున, తలకు నూనె, బఘీరా అన్నాడు. కిప్లింగ్ ఊసే లేదు. వాడు పుస్తకం చదివిందే తర్వాత, ఇంజనీరింగ్‌లో. చదువుతుంటే కార్టూనే కనిపించిందట. కిప్లింగ్ 1894లో రాసిన ఆ పుస్తకంలో ప్రతి కథ వెనకా ఒక పాట ఉంటుంది. సొంత పాటలున్న పుస్తకమది, అయినా వాడి చెవిలో అవేవీ మోగలేదు.

ఇక మాటలున్న పాట సంగతి. దీని గురించి నాకు మొదట్నుంచీ ఒక గొణుగుడు ఉంది. చాలామందికి కోపం తెప్పిస్తుందని తెలిసీ చెబుతున్నాను. ఘంటసాల పాడిన పుష్పవిలాపం వినని తెలుగువాడు ఉండడు. నేనూ కన్నీళ్ళు పెట్టుకుని విన్నవాణ్ణే. కానీ ఇప్పుడు కరుణశ్రీ పుస్తకం తెరిచి ఆ పద్యాలను మౌనంగా, నా గొంతుతో నేను చదువుకోగలనా? ఒక్క పాదం కూడా చదవలేను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో అంతా ఘంటసాల నిర్ణయించేశాడు. అక్కడ పాట పుస్తకాన్ని బతికించింది నిజమే, ఊరూరా మోసుకెళ్ళిందీ నిజమే. కానీ ఎవరి పుస్తకం వాళ్ళకు లేకుండా అందరికీ ఒకే పుస్తకం ఇచ్చింది. సుమతీ, వేమన పద్యాలు ఇట్లా కావు. వాటిని ఎవరి బడిలో వాళ్ళు, ఎవరి రాగంలో వాళ్ళు పాడుకున్నారు. మా అయ్యవారు తీసే రాగం వేరు, మా అమ్మ వాళ్ళ ఊళ్ళో రాగం వేరు. అందుకే వేమన పద్యం వినిపిస్తే ఎవరికి వాళ్ళ బడి గుర్తొస్తుంది, ఘంటసాల పద్యం వినిపిస్తే అందరికీ ఘంటసాలే గుర్తొస్తాడు.

"తాన నాన"లో ఎవరూ ఏమీ నిర్ణయించలేదు. స్వామి అనే పేరు కూడా అందులో లేదు.

ఇంతవరకూ నా వాదన బాగానే నిలబడింది. కాచిగూడ నుంచి వచ్చాక చేసిన పని దాన్ని కొంచెం కుదిపింది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే 'స్వామి అండ్ ఫ్రెండ్స్' పాత కాపీ దొరికింది. ఆ రాత్రే కూర్చుని చదివాను. సోమవారం పొద్దున కళ్ళు తెరవడానికి ఇష్టపడని స్వామితో మొదలవుతుంది. మామిడిపండ్ల లెక్క ఉంది, నిమ్మకాయ ఉంది. పరీక్షలకు కావలసిన సామాన్లంటూ తెల్లకాగితాలు, పాళీలు, సిరాబుడ్లు, క్లిప్పులు, గుండుసూదులని స్వామి రాసుకునే జాబితా కూడా ఉంది. చిన్నాయన ఆ జాబితాను ఒక అధికారి నోటీసు చదివినట్టు చదివేవాడు. చదువుతూ ఒక్కడినే నవ్వుకున్నాను, పేజీ అయ్యేదాకా.

చివరికి వచ్చాను. స్వామి స్నేహితుడు రాజం వాళ్ళ నాన్న పోలీసు అధికారి, ఆయనకు బదిలీ అవుతుంది. క్రికెట్ మ్యాచికి రాలేదని రాజం స్వామితో మాట్లాడటం మానేసి ఉంటాడు. బండి కదిలే వేళకు స్వామి ఒక పుస్తకం పట్టుకుని స్టేషనుకు పరిగెత్తుతాడు, రాజానికి కానుకగా ఇద్దామని.

మిద్దె మీద చిన్నాయన చెప్పినదాంట్లో అది బైండు చేయించిన చందమామలు. నాకు రూఢిగా గుర్తు, ఎందుకంటే మా ఇంట్లో ఒక చందమామల బైండు ఉండేది, నేనైతే దాన్ని ఎవరికీ ఇవ్వనని అప్పుడు అనుకున్నాను. స్వామి ఎంత గొప్పోడో అనుకున్నాను. పుస్తకంలో చూస్తే అది ఆండర్సన్ కథలు! అవును మరి. స్వామి కథ 1930 నాటిది, చందమామ మొదలైంది 1947 జులైలో. పదిహేడేళ్ళ తర్వాత పుట్టబోయే పత్రికను చిన్నాయన బైండు కూడా చేయించి స్వామి చేతిలో పెట్టాడు.

అది చిన్న సంగతి. అసలుది తర్వాత ఉంది. కదిలే బండిలో ఉన్న రాజానికి స్వామి ఇంకో స్నేహితుడు మణి ఆ పుస్తకం అందిస్తాడు. రాజం దాన్ని అందుకుని చెయ్యి ఊపుతాడు. బండి వెళ్ళిపోతుంది. వాడు నాకు ఉత్తరం రాస్తాడా అని స్వామి అడుగుతాడు. రాస్తాడు అంటాడు మణి. వాడి దగ్గర నా అడ్రసు లేదు కదా? నేనిచ్చానులే అంటాడు మణి. ఏం అడ్రసు ఇచ్చావో చెప్పు అంటే మణి నట్లు కొడతాడు. వాడు నిజం చెబుతున్నాడో లేదో తెలుసుకుందామని స్వామి వాడి ముఖంలోకి చూస్తాడు. అప్పటిదాకా ఇట్టే చదవగలిగిన ఆ ముఖం ఈసారి ఏమీ చెప్పదు. పుస్తకం అయిపోతుంది.

నేను పేజీ తిప్పాను. వెనక ఖాళీ అట్ట.

జాబు ఏది? రాజం రాసిన జాబు ఏది? నాకు తెలిసిన కథలో వారం తిరక్కుండానే స్వామికి ఒక కార్డు వస్తుంది. చందమామలు బాగున్నాయని, మ్యాచి సంగతి మర్చిపోయానని, ఇక్కడ ఇంకా ఎవరూ స్నేహితులు కాలేదని రాజం రాస్తాడు. ఆ కార్డు వచ్చింది చిన్నాయన డ్యూటీ చేసే బోగీలోనే. "నేనే చూసినా, మాల్గుడి గూట్లో నేనే యేసినా" అన్నాడు ఆయన, కుడిచెయ్యి అట్లా విసిరి చూపిస్తూ. ఆ విసురు నా కళ్ళముందు ఉంది. కార్డు గూట్లో పడిన చప్పుడు కూడా నాకు వినిపించింది ఆ రాత్రి.

అంటే పాట నాకు తెచ్చి ఇచ్చింది నారాయణ్ రాసిన పుస్తకాన్ని కాదన్నమాట. ఏ షాపులోనూ దొరకని, ఏ లైబ్రరీలోనూ లేని ఇంకో పుస్తకాన్ని. అందులో మాల్గుడి గుత్తి దాటాక ఉంటుంది, చందమామ 1930లోనే వస్తుంది, రాజం జాబు రాస్తాడు.

మా మిత్రుడికి ఇది తెలిస్తే పండగే. "చూశావా, పాట అబద్ధం తెచ్చింది" అంటాడు. నాకైతే నారాయణ్ ముగింపే గొప్పదనిపిస్తుంది, అందులో సందేహం లేదు. పుస్తకం రాసేవాడు అక్కడే ఆపాలి. మణి ముఖం మీద ఆపగలిగినవాడు మామూలు రచయిత కాదు. కానీ మిద్దె మీద పదేళ్ళ పిల్లోడు పక్కన పడుకుని "రాసినాడా, రాసినాడా" అని చెయ్యి పీకుతుంటే, రోజూ వేల ఉత్తరాలు చేరవేసే మనిషి ఏం చేస్తాడు? స్వామిని ఓదార్చడానికి మణి మొదలుపెట్టిన అబద్ధాన్ని చిన్నాయన నాకోసం పూర్తిచేశాడు. నారాయణ్ రాసిన దానికి అది అంత దూరమేమీ కాదు. నాకు తెలిసి ఆ పుస్తకాన్ని అంత దగ్గరగా చదివినవాళ్ళు తక్కువ.

అచ్చులో ఉన్న పుస్తకం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. అబిడ్స్‌లో దొరక్కపోతే ఆన్‌లైన్లో దొరుకుతుంది. చిన్నాయన చెప్పిన పుస్తకానికి ఒకటే కాపీ. ఆ కాపీ ఎక్కడుందో నాకే తెలియకుండా పోయింది. దాన్ని టీవీ పాట కాక ఇంకెవరు దాచి ఉంచేవాళ్ళు? సీరియల్ చేసిన నష్టం నేను మర్చిపోలేదు, రాజీ కూడా పడలేదు. ఎత్తుపండ్ల స్వామి మళ్ళీ రాలేదు, కాచిగూడలో కూడా వాడి ముఖం దాకా వచ్చి ఆగిపోయింది. పండ్లు మాత్రం కనిపించాయి.

చిన్నాయన ఇప్పుడు అనంతపురంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. రిటైరై ఇరవై ఏళ్ళు దాటింది. ఎడమ చెవి సరిగా వినపడదు, ఫోన్ కుడి చెవికి పెట్టుకోమని ప్రతిసారీ గుర్తుచేయాలి. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను.

"నేను చెప్పినానా? జాబు వచ్చినాదనా?"

"నువ్వే చెప్పినావు చిన్నాయనా. మాల్గుడి గూట్లో యేసినా అన్నావు."

"యాడ చెప్పినా? బుక్కులో లేందే నేనెందుకు చెప్తా? నీకు మతి యాడికో పోతాంది." తర్వాత, "ఆ పుస్తకం గూడా ఇల్లు మారేటప్పుడు యాడనో పాయ" అన్నాడు.

పాట గురించి చెప్పాను. ఏ పాట అన్నాడు. నా గొంతు సంగతి తెలిసీ ఫోన్లో తాన నాన అని పాడాను. అవతల కాసేపు చప్పుడు లేదు, ఫ్యాను తిరుగుతున్న శబ్దం తప్ప. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"చిన్నాయనా, ఉన్నావా? సరే గానీ, ఒగ మాట చెప్పు. రాజానికి స్వామి అడ్రసు యాడ దొరికింది?"

"మణి ఇచ్చింటాడు లేరా" అన్నాడు.